నాలుగు నోళ్ళ బరువు

1958 జనవరి 12

ఈ డైరీ పోయిన ఏడాదిది. మిల్లు మేనేజరు జానకిరామయ్య గారు ఒక్క ముక్క కూడా రాయకుండా చిత్తుకాగితాల బుట్టలో పడేశాడు. నేను ఏరుకొచ్చుకున్నాను. వారాలు కలవవు, కొట్టేసి రాసుకోవాలి. నాకు థర్డ్ ఫారం దాకా చదువొచ్చింది, ఆ పైన అది రానంది. మా ఆవిడ మౌలాబీకి అక్షరం ముక్క రాదు గనక ఇంట్లో ఈ పుస్తకానికి ప్రమాదం లేదు.

మా మోత ముఠా మేస్త్రీ ప్రేమదాసు ఈరోజు పని మానుకున్నాడు. రెండు కళ్ళకీ శుక్లాలు. మొన్న వ్యాగను అనుకుని గోడకి ఎదురుగా నిలబడి బరువెత్తే పాట పదం వేశాడు. మేము నవ్వాం. ఆయనా నవ్వాడు. ఇవాళ తువ్వాలు దులుపుకుని, ఇక చాల్లేరా అబ్బాయిలూ అని వెళ్ళిపోయాడు.

జనవరి 20

మేస్త్రీ ఎవరన్నది తేలలేదు. జక్రయ్య తనే అంటాడు, పేరయ్య తనే అంటాడు. ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. ఒకే కర్రకి చెరో కొసా పట్టుకుని మాట్లాడుకోకపోతే ఎలా ఉంటుందో చూడాలి. మోసే దూది బేలు అలిగిన పెళ్ళికూతురి పల్లకిలా ఊగుతోంది.

సాయంత్రం టీ కొట్టు దగ్గర కూర్చున్నాం. నేనన్నాను, కాటాని మేస్త్రీని చేద్దాంరా, అది ఏ పక్కకీ మొగ్గదు, జీతం అడగదు, మన అందరికంటే బరువు ఎరిగింది అని. నవ్వులు. నా బావమరిది మీరా హుస్సేన్‌కి టీ ముక్కులోకి పోయింది. అప్పుడు జక్రయ్య, ఒరే పేరయ్యా, నీకు నేను వద్దు, నాకు నువ్వు వద్దు, ఈ వాగుడుకాయని పెట్టేద్దాం, ఎటూ పదాలు కట్టేది వీడే కదా అన్నాడు. పేరయ్య దగ్గి, సరే అన్నాడు. ఆ ఇద్దరూ మాట్లాడుకున్న మొదటి మాట అదే.

ఆ విధంగా గౌస్ బాషా అనే నేను లీడర్ని అయ్యాను. ఎవడికీ ఇష్టం లేనివాళ్ళని తీసేస్తే మిగిలినవాణ్ణి.

జనవరి 21

మౌలాబీకి చెప్పాను. మిల్లుకి ఏం జబ్బు చేసింది అంది.

ఫిబ్రవరి 2

మొయ్యకుండా నడవడం వింతగా ఉంది. మొదటిరోజు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మధ్యాహ్నానికల్లా నడుం మీద పెట్టుకోవడం వచ్చేసింది.

మా పని ఏమిటంటే, ప్రెస్సులో బిగించిన దూది బేళ్ళని మోసుకెళ్ళి గూడ్సు వ్యాగన్లో పెట్టడం. బేలుకి తాళ్ళు వేసి రెండు సరుగుడు కర్రలు దూరుస్తాం. నాలుగు కొసలకి నలుగురు. జక్రయ్య, పేరయ్య, మీరా హుస్సేను, నా చోట కొత్తగా చేరిన వెంకటనారాయణ. వాడిది పెదకాకాని, నిన్నటిదాకా మిరప తోటకి నీళ్ళు పెట్టినవాడు. మేస్త్రీ ముందు నిలబడి పదం వేస్తాడు. నలుగురూ హైలెస్సా అంటారు. బేలు లేస్తుంది.

ఇందులో ఒక కిటుకు ఉంది. బరువు లేచేది మేస్త్రీ పదం మీద కాదు, వాళ్ళ బదులు మీద, అంటే ఆ హైలెస్సా మీద. ఎవడికైనా భుజం కుదరకపోయినా, కాలికింద రాయి పడినా, ఊపిరి అందకపోయినా వాడు నోరు మూసుకుంటాడు. మూడు గొంతులే వినపడితే ఎవడూ ఎత్తడు. ఏరా, ఏమైంది అని అడక్కూడదు. మేస్త్రీ ఇంకో పదం వేస్తాడు. అంతే. ఈ పద్ధతి ఎవరు పెట్టారో ప్రేమదాసుకే తెలియదు.

ఎక్కువసార్లు నోరు మూసుకునేది పేరయ్య. దూది పీచు వాడి గుండెల్లో గూడు కట్టుకుంది. దగ్గు తెర వచ్చిందంటే వంగిపోతాడు. మేము ఆగుతాం.

ఈరోజు నా పదం:
బొజ్జేమో పొద్దున్నే వచ్చె మిల్లుకి
మేనేజరు మాత్రం మధ్యాహ్నమొచ్చె.
హైలెస్సా బ్రహ్మాండంగా వచ్చింది. జానకిరామయ్య గారు కిటికీలోంచి చూసి, పని బాగా జరుగుతోందని తల ఊపాడు.

ఫిబ్రవరి 6

ఒక చిన్న ప్రయోగం. రేపట్నుంచి అందరూ తువ్వాలు ఎడమ భుజం మీద వేసుకు రావాలి అన్నాను. ఎందుకో చెప్పలేదు. నాకే తెలియదు.

ఫిబ్రవరి 7

వేసుకొచ్చారు. జక్రయ్య కూడా.

ఫిబ్రవరి 8

నిన్నంతా ఒకటే ఆలోచన. వెంకటనారాయణ సంగతి సరే, మిగతావాళ్ళు నాతో పదేళ్ళుగా తిని, తిట్టుకుని, చొక్కా చింపుకున్నవాళ్ళు. పోయిన నెల ఇదే మాట చెప్పుంటే నా తువ్వాలే నా మెడకి బిగించేవాళ్ళు. నేను మారలేదు. నిలబడే చోటు మారింది. నాలుగడుగులు ముందుకి జరిగానంతే.

భయం వేసిందని రాయాలేమో. వెయ్యలేదు. ఇంకేం చేస్తారో చూద్దాం అనిపించింది.

ఫిబ్రవరి 11

మిల్లు షావుకారు గారి ఆర్డరు, కాటా ముందునుంచి పోయేటప్పుడు అందరూ దణ్ణం పెట్టుకోవాలి అని చెప్పాను. షావుకారు గారికి కాటా ఎక్కడుందో కూడా తెలియదు.

పెట్టారు! వెంకటనారాయణ కళ్ళు మూసుకుని మరీ పెట్టాడు. మీరా హుస్సేను సలాం చేశాడు. జక్రయ్య మాత్రం, నేను ప్రభువుకి తప్ప ఇనప ముక్కకి మొక్కను పొమ్మన్నాడు. అయినా అటు పోయేటప్పుడు తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్నాడు.

నేను ప్రెస్సు వెనక్కి పోయి కడుపు పట్టుకుని నవ్వాను.

ఫిబ్రవరి 19

కాటాకి ఎవరో బొట్టు పెట్టారు.

ఫిబ్రవరి 24

ఇవాళ దూది గింజలు తీసే జిన్నింగు ఆడవాళ్ళు కూడా దణ్ణం పెట్టి పోతున్నారు. మేనేజరు గారు చూసి మురిసి, ఏమోయ్ బాషా, నీ హయాంలో భక్తి పెరిగిందోయ్ అన్నాడు.

ఇక చాల్లే అనిపించి ముఠాని పిలిచి, అది నేను సరదాకి చెప్పింది, మానెయ్యండిరా అన్నాను. వెంకటనారాయణ బెదిరిపోయాడు. అమ్మో, ఇన్నాళ్ళు పెట్టి ఇప్పుడు మానితే ఏమన్నా జరిగితే ఎవరిది పూచీ అన్నాడు. మీరా హుస్సేను, ఉండనీ బావా, మనకేం పోయింది అన్నాడు. జక్రయ్య మాత్రం నన్ను అదోలా చూశాడు. నీ సరదా మా నెత్తిన ఎక్కించావు, దింపడం నీ వల్ల కాలేదు, చూశావా అన్నాడు.

మార్చి 3

మేనేజరు గారు గదిలోకి పిలిచాడు. కుర్చీ చూపించాడు. కూర్చోలేదు గానీ, చూపించాడు.

మన వ్యాగన్లు రైలు సైడింగులో పడి ఉంటున్నాయి, అవతలి మిల్లు ముఠా సాయంత్రానికి ముందే నింపేస్తోంది, మీవాళ్ళు మాత్రం ప్రతి బేలు దగ్గరా దగ్గుతూ కూర్చుంటారు, నువ్వు మేస్త్రీవా, మేళగాడివా అన్నాడు. మంచి మాట. నాకు తట్టి ఉంటే పదంలో వాడుకునేవాణ్ణి.

బయటికొచ్చి చెప్పాను. రేపట్నుంచి బదులు లేదు. నా పదం ఆఖరి మాట మీద ఎత్తుడే. ఆగేది లేదు.

మిగతావాళ్ళు తల ఊపారు. పేరయ్య నోరు తెరిచాడు, దగ్గొచ్చింది, మూశాడు.

మార్చి 4

వెలుతురు ఉండగానే ఇంటికొచ్చాను. మౌలాబీ, పనిలోంచి తీసేశారా అంది.

మార్చి 10

వ్యాగన్లు గబగబా నిండుతున్నాయి. మేనేజరు గారు నా వీపు తట్టాడు. ముఠా అంతా పొద్దుండగానే ఇళ్ళకి పోతోంది. జక్రయ్య కూడా హుషారుగా ఉన్నాడు. వీళ్ళకి కావలసింది నాకు తెలుసు. లీడరంటే అదే.

చిత్రం ఏమిటంటే, నేను సరదాకి పెట్టిన కాటా దణ్ణం చెప్పినా పోలేదు. ఎవరి తాతలో పెట్టిన బదులు ఒక్క మాటకి పోయింది. ఎందుకో ఆలోచించాలి. ఇవాళ కాదు, నిద్రొస్తోంది.

మార్చి 25

రంజాన్ నెల. మౌలాబీ ఒక్క రోజా ఉపవాసం కూడా వదలదు. నేను రెండు ఉన్నాను, మూడోది టీ కొట్టు ముందు ఓడిపోయాను. నీకంటే ఆ కాటా నయం, పెట్టింది తప్ప ఏమీ ముట్టదు అంది. ఈవిడ పదాలు కడితే నా పని గోవింద.

ఏప్రిల్ 2, ఉదయం

కొత్త పదం దొరికింది. పేరయ్య మీద.
పేరయ్య దగ్గితే పెదకాకాని దాకా
పడుకున్న ఎడ్లన్ని లేచి కూకున్నై.
వెంకటనారాయణ ఊరు కూడా వచ్చింది. బాగుంది.

ఏప్రిల్ 2, సాయంత్రం

బేలు పేరయ్య కాలి మీద పడింది.

ఏప్రిల్ 3

నిన్న అంతకుమించి రాయలేకపోయాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం, వ్యాగను ముందు. నేను ఆ పదం అందుకున్నాను. పేరయ్య ముందు కొసలో ఉన్నాడు, కుడి పక్క. నిజంగానే దగ్గుతున్నాడు. నేను చూశాను. పదానికి సరిగ్గా సరిపోయిందనుకున్నాను. కూకున్నై అన్నాను. మూడు కొసలు లేచాయి. వాడి భుజం ఇంకా కర్ర కిందికి చేరలేదు. బేలు అటు వాలింది, తాడు జారింది.

అరవలేదు. దగ్గుతూనే ఉన్నాడు. అది గుర్తుంది.

రిక్షాలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. కుడి పాదం ముందు భాగం నలిగిపోయింది. ఎక్స్‌రే తీశారు. వేళ్ళు తీసేశారు. మనిషికి భయం లేదు గానీ ఇక బరువు మొయ్యలేడని డాక్టరు చెప్పాడు. పేరయ్యకి ఆ పని తప్ప ఇంకోటి రాదు.

ఏప్రిల్ 4

మేనేజరు గారు మళ్ళీ పిలిచాడు. ఈసారి కూర్చోబెట్టాడు.

ఎల్లుండి షావుకారు గారు వస్తున్నారు, అడుగుతారు, పేరయ్య తాగి వచ్చాడని నువ్వు ఒక్క మాట చెప్పు అన్నాడు. వాడు తాగడండీ అన్నాను. దగ్గు మందు తాగుతాడు కదా, వాసన వచ్చిందను, అబద్ధమేముంది అన్నాడు. అసలే ప్రొహిబిషన్ రోజులు, తాగినవాడికి మిల్లు ఏమీ ఇవ్వక్కర్లేదట. నేను ఆ మాట అంటే నా మేస్త్రీ పని పర్మనెంటట. సున్నం కొట్టించిన క్వార్టరు ఒకటి ఖాళీగా ఉందట.

అవునని అనలేదు. కాదని కూడా అనలేదు. కుర్చీ మెత్తగా ఉంది. దూది మనదే.

ఏప్రిల్ 5

ఆసుపత్రికి వెళ్ళాను. పేరయ్య నన్ను చూసి లేవబోయాడు. ఒరే బాషా, నా వల్ల పని చెడింది కదరా, ఆ పాడు దగ్గు రాకపోతే ఎత్తేవాణ్ణే అన్నాడు. మేనేజరు గారికి కోపం వచ్చిందా అని అడిగాడు. మళ్ళీ మొయ్యడానికి ఎన్నాళ్ళు పడుతుందో అన్నాడు. డాక్టరు చెప్పింది వాడికి ఇంకా ఎవరూ చెప్పలేదు.

వాడి భార్య కోటేశ్వరమ్మ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఏమయ్యా బాషా, మా ఆయన దగ్గు మీద పదం కట్టావంట, బాగుందంట, ఏదీ, ఒకసారి పాడు, నేనూ వింటాను అంది.

పక్క మంచం వాళ్ళు కూడా నా వైపు చూశారు.

నేను పాడలేదు. తెచ్చిన బత్తాయిలు అక్కడ పెట్టి వచ్చేశాను. నలభై నాలుగేళ్ళుగా నాకు మాట తడుముకోవడం అంటే ఏమిటో తెలియదు. ఈరోజు తెలిసింది, నోరు ఎండిపోతుంది. రోజా ఉన్నట్టే.

ఏప్రిల్ 6, ఉదయం

జక్రయ్య ఇంటికి వెళ్ళాను. ఈస్టరు, గుడినించి అప్పుడే వచ్చాడు. తెల్ల చొక్కా. మేనేజరు అడిగింది చెప్పాను. తాగాడని చెప్పనన్నాను. తప్పంతా నాది, బదులు తీసేసింది నేను, దగ్గు చూసి కూడా పదం ఆపనిది నేను, ఆ మాటే షావుకారుకి చెప్పి పోతానన్నాను. మెచ్చుకుంటాడనుకున్నాను.

మండిపడ్డాడు. ఆపరా నీ గొప్పలు, తప్పులో కూడా నీకే మేస్త్రీగిరీ కావాలా అన్నాడు. నువ్వు బదులు తీసేస్తానన్నావు సరే, ఇచ్చింది ఎవరు? మేము కాదూ? పొద్దుండగా ఇంటికొచ్చి వేడన్నం తిన్నాను, ఆ ముద్దలు నువ్వు నా నోట్లో పెట్టావా? ఆరోజు నేను వాడి వెనకే ఉన్నాను, వాడు వంగిపోవడం నీకంటే ముందు చూశాను, ఆగండ్రా అని ఒక్క మాట అనొచ్చు, నాకు నోరు లేదా? అనకపోగా నీ దిక్కుమాలిన పదానికి నవ్వాను కూడాను. నువ్వు ఒక్కడివే మొత్తం మోసుకుపోతే నేనేం మొయ్యాలిరా, ఈ తెల్ల చొక్కానా?

వాళ్ళావిడ తలుపు చాటునించి, పండగ పూట ఆ అరుపులేంటయ్యా అంది.

మీరా హుస్సేన్నీ, వెంకటనారాయణనీ పిలిపించాడు. నలుగురం వాళ్ళ అరుగు మీద కూర్చున్నాం. చొక్కా మార్చుకుని జక్రయ్య, నడవండి అన్నాడు.

ఏప్రిల్ 6, మధ్యాహ్నం

షావుకారు గారు లోపల ఉన్నారు. పక్కన మేనేజరు. ఎవరి ఆర్డరు మీద ఎత్తారు అని అడిగారు.

నాది అన్నాను. వెంటనే జక్రయ్య, నేను ఒప్పుకున్నానండి, చూసి కూడా ఆపలేదండి అన్నాడు. ఇంటికి తొందరగా పోవచ్చని నేనూ ఒప్పుకున్నానండి అన్నాడు మీరా హుస్సేను. పుట్టినప్పట్నుంచీ వాడు పెద్దవాళ్ళ ముందు గొంతెత్తడం నేను చూడలేదు. వెంకటనారాయణ ముందుకొచ్చాడు. కొత్తవాణ్ణండి, నాకు తెలవదండి, అయినా ఎత్తానండి అన్నాడు.

షావుకారు గారు మేనేజరు వైపు చూశారు. మరి తాగాడంటివి?

అప్పుడు నేనన్నాను, అయ్యా, కర్రలకి కొసలు నాలుగే అనుకున్నాం, ఐదోది కూడా ఉంది, వ్యాగను తొందర పెట్టింది మేనేజరు గారు, వారూ ఒక చెయ్యి వెయ్యాలి. ఎటకారంగా అందామనుకున్నాను. మామూలుగా వచ్చింది.

జానకిరామయ్య గారి ముఖం మిరపపండు అయింది. వెధవల్లారా, రేపే వినుకొండ నుంచి వేరే ముఠాని దింపుతాను, పొండి అన్నాడు. షావుకారు గారు ఏమీ అనలేదు. పెద్దవాళ్ళు ఏమీ అనకపోవడం ఎంత పెద్ద మాటో నాకు ఈ నెలలోనే తెలిసింది.

వచ్చేటప్పుడు వెంకటనారాయణ కాటాకి దణ్ణం పెట్టాడు. ఎవరం నవ్వలేదు.

ఏప్రిల్ 8

పని లేదు. మౌలాబీకి మొత్తం చెప్పాను, పదంతో సహా. ఆ పదం ఇంకెప్పుడూ నా ఇంట్లో అనొద్దు అంది. పేరయ్య ఇంటికి అన్నం పంపింది. తను రోజాలో ఉండి వండింది.

ఏప్రిల్ 10

వినుకొండ ముఠా లారీలో దిగింది. వాళ్ళ మేస్త్రీ టీ కొట్టు దగ్గర, ఇక్కడ ముందున్నోళ్ళు ఏమయ్యారయ్యా అని అడిగాడట. కొట్టువాడు చెప్పాడట. అతను టీ తాగి, గ్లాసు పెట్టేసి, మేము అట్లాంటి చోట చెయ్యం అని తన ముఠాని అదే లారీ ఎక్కించుకుని పోయాడట. లారీ డ్రైవరు గొణుక్కున్నాడట.

నాకు అతని పేరు కూడా తెలియదు.

ఏప్రిల్ 13

వ్యాగన్లు ఎండలో నిలబడి ఉన్నాయి. షావుకారు గారు కబురు పెట్టారు. వెళ్ళి మేము అడగాల్సినవి అడిగాం. ఆసుపత్రి ఖర్చు మిల్లుదే. పేరయ్యకి కాటా దగ్గర కూర్చునే పని. బదులు వచ్చాకే బేలు లేస్తుంది, ఆలస్యమైతే వ్యాగను ఆగుతుంది. అన్నిటికీ సరేనన్నారు. ఒక్కటే షరతు, బాషా మేస్త్రీగా ఉండకూడదు.

జక్రయ్య నన్ను చూశాడు. నేను తల ఊపాను. ఆ షరతు పెట్టించింది జానకిరామయ్య గారు. ఆయన తెలివైన పని చేయడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఇక మేస్త్రీ వద్దనుకున్నాం. నాలుగో కొస నాది. పదం వంతులవారీగా, మోసేవాళ్ళే వేసుకుంటారు.

ఏప్రిల్ 15

నా భుజం పచ్చి పుండు. మూడు నెలలు చేతులు నడుం మీద పెట్టుకున్న ఫలితం. మౌలాబీ ఆముదం రాస్తూ, లీడరు గారి చర్మం లేతగా ఉంది అంది.

ఏప్రిల్ 21

పండగ. సేమ్యా తీసుకుని పేరయ్య దగ్గరికి వెళ్ళాను. కర్ర పట్టుకుని నిన్నట్నుంచే కాటా దగ్గర కూర్చుంటున్నాడు. డాక్టరు మాట కోటేశ్వరమ్మ చెప్పిందట.

ఆ పదం గురించి చెప్పబోయాను. విన్నాన్లేరా, పెదకాకాని దాకా వినపడేంత దమ్ము నాకెక్కడిది అన్నాడు. గిన్నె ఖాళీ చేసి, గొంతు తగ్గించి, ఒరే బాషా, ఇక్కడ కూర్చున్నకాడ్నుంచి వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ నాకు దణ్ణాలు పెడుతున్నారేంట్రా అన్నాడు. ఆసుపత్రికి పోయేముందు వాడూ పెట్టేవాడు. మర్చిపోయినట్టున్నాడు.

చెప్పేద్దామనుకున్నాను. నీకేరా, పెట్టించుకో అన్నాను.

ఆలోచించాడు. జిన్నింగు అమ్మాయి ఒకతె దణ్ణం పెట్టి పోతుంటే, చెయ్యెత్తి దీవించాడు.

ఏప్రిల్ 24

వంతు వెంకటనారాయణది. ఏదో మిరప తోట, ఏదో ఎద్దు, పదం అతకలేదు. నా కాలికింద రాయి దొర్లింది. నోరు మూసుకున్నాను.

మూడు గొంతులు. బేలు నేల మీదే ఉంది. ఎవరూ నా వైపు తిరగలేదు. జక్రయ్య ఆవలించాడు. నేను రాయిని పక్కకి తోసి, కాలు కుదురుగా పెట్టుకున్నాను.

వెంకటనారాయణ ఇంకో పదం వేశాడు. అదీ బాగాలేదు.